గాలంతో చేపలు పట్టడం: శ్రీకాకుళం, విజయనగరం చెరువులకూ గెడ్డలకూ నదులకూ సమగ్ర మార్గదర్శి

ఒకే గట్టు మీద, ఒకే ఎరతో ఇద్దరు కూర్చుంటారు. ఒకరి బుట్ట నిండుతుంది, రెండోవారు ఉత్త చేతులతో లేస్తారు. తేడా ఎక్కువసార్లు నీటి మీద తేలే బెండు కింద వదిలిన దారం పొడవులో ఉంటుంది. బొచ్చె నీటి పైపొరలో మేస్తుంది, శీలావతి నడిమి పొరలో, మోసు అడుగు బురదలో. ఆరడుగుల లోతున్న చెరువులో రెండడుగుల దగ్గర ఎర వేలాడదీసి మోసు కోసం పొద్దుగూకే దాకా కూర్చున్నా అది ఆ ఎర మొహం చూడదు. అందుకే ఇక్కడ లోతు చూసుకోవడం గురించి ఎక్కువ చెప్తున్నాం, ఖరీదైన సామాను గురించి తక్కువ.

గాలం తీసే ముందు

పల్లెల్లో ప్రతి చెరువుకీ బందకీ (చిన్న చెరువు) ఎవరో ఒక హక్కుదారు ఉంటారు. చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల లీజులో ఉంటాయి. సొంత డబ్బుతో చేపపిల్లలు వేసి పెంచుకుంటున్న చెరువులో అడక్కుండా గాలం వేయడం దొంగతనమే. మద్దువలస, తోటపల్లి, తాటిపూడి లాంటి జలాశయాల మీద కూడా బతికే కుటుంబాలున్నాయి. సంఘం పెద్దనో మత్స్యశాఖ కార్యాలయంలోనో అడిగి, వలలు కట్టిన వరస ఎక్కడుందో తెలుసుకుని దానికి దూరంగా కూర్చోండి. గాలం వలకు తగులుకుంటే చిరిగేది వాళ్ళ రోజుకూలి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. పైగా ఏ మూల చేప ఆడుతోందో వాళ్ళ కంటే బాగా చెప్పేవాళ్ళు లేరు.

నీళ్ళలో మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. కరెంటు తీగ పెట్టేవాళ్ళు చేపతో పాటు మనుషుల ప్రాణాలు కూడా తీస్తున్నారు. ఏజెన్సీ కొండల వైపు వెళ్ళినప్పుడు దుప్పి, కణుజు వేట మాట ఎవరైనా ఎత్తితే ఆ గుంపులో ఉండకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని చంపినా, ఉచ్చు పెట్టినా, మాంసం దగ్గర పెట్టుకున్నా జైలుకు పోయే నేరమే. చెరువు గట్టు మీద జంతువులు నీళ్ళకు దిగే కాలిబాట కనిపిస్తే దాన్ని వదిలేసి కాస్త అవతల కూర్చోవడం మర్యాద. పొద్దు వాలాక అక్కడ ఉండకపోవడం క్షేమం.

కర్ర, దారం, గాలం

మొదలుపెట్టేవాళ్ళకు 10 నుంచి 12 అడుగుల వెదురు కర్ర చాలు. ముదురు వెదురు కోసి, ఆకులు దులిపి, నీడలో 3 వారాలు ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర తిరిగి పగులుతుంది. దారాన్ని కర్ర కొసకు మాత్రమే కట్టడం అందరూ చేసే పొరపాటు. పెద్ద చేప లాగితే విరిగేది కొసే. కొసతో పాటు దారం, చేప కూడా పోతాయి. దారాన్ని కర్ర నడిమి కణుపు దగ్గర ముడివేసి, కర్ర వెంబడి పైకి చుట్టుకుంటూ పోయి, కొస దగ్గర ఇంకో ముడి వేయండి. అప్పుడు కొస విరిగినా దారం చేతిలోనే ఉంటుంది. కొస నుంచి వేలాడే దారం పొడవు కర్ర పొడవుకు సమానంగానో ఒక జానెడు తక్కువగానో ఉంటే చేప నేరుగా చేతికొస్తుంది.

రీలు కర్ర కొనదలిస్తే 7 నుంచి 8 అడుగుల కర్ర, 3000 లేదా 4000 సైజు రీలు ఈ ప్రాంతపు నీళ్ళన్నిటికీ సరిపోతాయి. అంతకు మించి ఖర్చు పెట్టాల్సిన పని లేదు. ఆ మిగిలిన డబ్బుతో మంచి గాలాలు కొనండి.

గాలాల నంబర్లు కొత్తవాళ్ళను తికమక పెడతాయి. 14, 12, 10, 8, 6 అని నంబరు తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0, 3/0 అని పెరిగేకొద్దీ గాలం పెద్దదవుతుంది. ఏ చేపకు ఏది అంటే:

- పరిగెలు, చిన్న జెల్లలు: 12 లేదా 14 నంబరు, 0.16–0.18 మి.మీ. దారం
- తిలాపియా: 8 లేదా 10 నంబరు, 0.20–0.25 మి.మీ.
- శీలావతి, మోసు, బొచ్చె: 2 నుంచి 6 నంబరు, 0.30–0.35 మి.మీ.
- కొర్రమీను: 2/0 లేదా 3/0, 0.40 మి.మీ. నైలాన్ లేదా 30 పౌన్ల అల్లిక దారం
- వాలుగ: 3/0 నుంచి 5/0, 0.50 మి.మీ., కొసన జానెడు స్టీలు తీగ

గాలం చిన్నదైతే పెద్ద చేప నోట్లోంచి జారొచ్చు, పెద్దదైతే చిన్న చేప ఎరను కొరుక్కు తిని పోతుంది. అనుమానమొస్తే చిన్నదే ఎంచుకోండి. చిన్న గాలానికి పెద్ద చేప పడుతుంది, పెద్ద గాలానికి చిన్న చేప పడదు. మొన పదును చూడటానికి బొటనవేలి గోరు మీద మెల్లగా లాగండి. గోరులో పట్టుకుంటే పదునుంది, జారిపోతే సన్నపు ఆకురాయి మీద మొన వైపుకి నాలుగుసార్లు రుద్దండి.

కన్ను ఉన్న గాలానికి ముడి ఇలా వేయాలి. దారం కొసను కన్నులోంచి దూర్చి 12 సెం.మీ. బయటికి లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ 5 లేదా 6 చుట్లు తిప్పండి. కన్ను పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి కొసను దూర్చండి. అలా దూర్చినప్పుడు పక్కన పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది, కొసను దాంట్లోంచి కూడా తీయండి. ఉమ్ముతో తడిపి, ఆగి ఆగి బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి, ముడి దగ్గరే దారం బలం పోతుంది. మిగిలిన కొసను 2 మి.మీ. ఉంచి కత్తిరించండి.

సంతల్లో విడిగా అమ్మే గాలాలు కొన్నిటికి కన్ను ఉండదు, తల చదునుగా ఉంటుంది. వీటికి దారాన్ని మడిచి కాడ వెంబడి ఒక ఉచ్చులా పెట్టి, కొసతో కాడనూ ఆ మడతనూ కలిపి చదును తల నుంచి వంపు వైపుకి 7 లేదా 8 చుట్లు బిగుతుగా చుట్టండి. కొసను వంపు దగ్గరున్న ఉచ్చులోంచి దూర్చి, అసలు దారాన్ని లాగితే చుట్లన్నీ బిగుసుకుంటాయి. అసలు దారం తల ముందు నుంచి, అంటే మొన ఉన్న వైపు నుంచి బయటికి రావాలి. వెనక నుంచి వస్తే చదును తల అంచు కోసేస్తుంది.

దారం తెగిపోయిన ప్రతిసారీ కొస పరిశీలించండి. మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. గరుకుగా పీచు లేచి ఉంటే రాయికో మోడుకో ఒరిసింది. ఏ మెలికా, గరుకూ లేకుండా ముడి దగ్గరే పుటుక్కున తెగితే ముడి పొడిగా బిగించారు, లేదా దారం ఎండకు పాతబడింది. నైలాన్ దారం ఎండలో గుల్లబారుతుంది. ఏడాదికోసారి మార్చడమే మేలు.

లోతు చూడటం

ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఇదే చాలామంది వదిలేసే పని. జీలుగు బెండు ముక్క 8 సెం.మీ. పొడవుది తీసుకుని, నడిమి నుంచి సూదితో బెజ్జం చేసి దారం ఎక్కించండి. బెజ్జంలో చీపురుపుల్ల దోపితే బెండు కదలకుండా నిలుస్తుంది, పుల్ల తీస్తే పైకీ కిందకీ జరుగుతుంది.

గాలానికి బెండును ముంచేంత బరువైన సీసం గుండు తగిలించండి. బెండును మీ అంచనా లోతు దగ్గర పెట్టి నీళ్ళలోకి నిలువుగా వదలండి. బెండు పూర్తిగా మునిగిపోతే గుండు అడుగుకు చేరింది గానీ దారం చాలలేదు. బెండును అర అడుగు పైకి జరపండి. బెండు నీటి మీద పక్కకి పడుకుంటే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. బెండు కొస మాత్రం నీటి మట్టానికి నిలువుగా కనిపించినప్పుడు గాలం సరిగ్గా అడుగును తాకినట్టు. ఆ పొడవును కర్ర మీద కొలిచి బొగ్గుతో గీత పెట్టుకోండి. మీరు ఎర వేయబోయే చోట ఒకసారి, దానికి రెండడుగులు ఎడమకు, కుడికి, ముందుకు ఒక్కోసారి చూడండి. మదుము (చెరువు తూము) దగ్గర నీళ్ళు లాగే కాలువ, పాత మట్టి తవ్విన గొయ్యి, గట్టు వాలు ఎక్కడ ముగిసిందీ అంతా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. గట్టు వాలు ముగిసి అడుగు చదునయ్యే అంచు ఉంటుందే, చేపలు తిరిగే దారి అదే. గాలం అక్కడ పడాలి.

ఇప్పుడు గుండు తీసేసి బెండు సర్దుకోండి. మోసుకైతే కొలిచిన లోతు కంటే 5 సెం.మీ. ఎక్కువ దారం వదిలి ఎర అడుగున పడుకునేలా చేయండి. శీలావతికి అడుగు నుంచి ఒక జానెడు పైన ఆడనివ్వండి, నీళ్ళు వేడెక్కాక సగం లోతుకు తేవచ్చు. బొచ్చెకు నీటి మట్టం నుంచి ఒకటి రెండడుగుల కిందే చాలు.

చివరగా సన్న సీసం ముక్కలు గాలానికి 20 సెం.మీ. పైన ఒక్కొక్కటే నొక్కుతూ పోండి. బెండు నీటి మీద ఒక అంగుళం మాత్రం మిగిలే దాకా వేయాలి. సీసం తక్కువైతే బెండు ఎత్తుగా తేలుతుంది. చేప ఎర లాగినప్పుడు ఆ బరువు దాని నోటికి తెలిసి ఉమ్మేస్తుంది. "కొరుకుతోంది గానీ పడటం లేదు" అని వాపోయేవాళ్ళలో చాలామందికి ఉన్న తప్పు ఇదొక్కటే.

మేత, ఎర

మేత చేపను పిలవడానికి, ఎర పట్టడానికి. రెండూ ఒకటి కాదు. మేతకు 1 కిలో తవుడు, రాత్రంతా నానబెట్టిన అర కిలో తెలకపిండి, పావుకిలో ఉడికించిన నూకలు, ఒక చెంచా వేయించి దంచిన మెంతులు కలపండి. నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లుకుంటూ పిసకండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, ఆ ముద్దను బకెట్ నీళ్ళలో వేస్తే అడుగుకు చేరి ఒకటి రెండు నిమిషాల్లో విచ్చుకోవాలి. పైనే విడిపోతే తవుడు ఎక్కువైంది. విచ్చుకోకుండా రాయిలా ఉంటే నీళ్ళో పిసుకుడో ఎక్కువైంది. నాగావళి, వంశధార పారుతున్నప్పుడు ఇందులో పావువంతు ఒడ్డు బంకమట్టి కలపకపోతే మేతంతా దిగువకు కొట్టుకుపోయి, మీ చేపలు కూడా దాని వెంటే వెళ్ళిపోతాయి.

నిమ్మకాయంత ముద్దలు 5 లేదా 6, బెండు పడే చోటే వేయండి. తర్వాత ప్రతి 20 నిమిషాలకూ ఒకటి. ఒక్కసారే బుట్టెడు గుమ్మరిస్తే చేపలు వస్తాయి, కడుపు నింపుకుని పోతాయి. మేత ఒకచోట, గాలం ఇంకోచోట పడటం కూడా మామూలే. అవతలి గట్టు మీద ఒక తాటిచెట్టునో విద్యుత్ స్తంభాన్నో గుర్తు పెట్టుకుని ప్రతిసారీ ఆ వరసలోకే విసరండి.

ఎరగా వానపాములు అన్ని చేపలకూ పనికొస్తాయి. పెంటకుప్ప పక్కన తడి మట్టిలో ఉన్నవి సన్నగా, ఎర్రగా, చురుగ్గా ఉంటాయి, అవే మేలు. తడి మట్టి వేసిన కుండలో, నీడన పెడితే రెండు రోజులు బతుకుతాయి. ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి ఎండలో వదిలేస్తే గంటలో చచ్చి కంపు కొడతాయి, చచ్చిన ఎరను మోసు కూడా పట్టించుకోదు. పరిగెకు అర అంగుళం ముక్క, మోసుకు ఒక నిండు పాము, మార్పు అనే చేపకూ జెల్లలకూ మూడు నాలుగు గుత్తిగా.

శీలావతికి, బొచ్చెకు పిండి మేలు. 100 గ్రాముల గోధుమ పిండి, 50 గ్రాముల మెత్తగా దంచిన తెలకపిండి కలిపి గట్టిగా ముద్ద చేసి, ఇడ్లీ పాత్రలో 10 నిమిషాలు ఆవిరి పట్టించండి. చల్లారాక వేరుశనగ నూనె రెండు చుక్కలు వేసి, విడదీసిన దూది చిటికెడు కలిపి మళ్ళీ పిసకండి. దూది పీచు ఉంటే పిండి గాలం మీద నీళ్ళలో 15 నిమిషాలు నిలుస్తుంది. లేకపోతే మీరు ఉత్త గాలాన్ని చూసుకుంటూ కూర్చున్నట్టే. శనగగింజంత ఉండతో మొన కప్పండి. మొన పిండిలో మరీ లోతుగా ఉంటే చేప నోట్లో గుచ్చుకోదు.

ఎప్పుడు, ఎక్కడ

ఎండాకాలంలో తెల్లవారిన గంట నుంచి 9 దాకా, మళ్ళీ సాయంత్రం 4 తర్వాత. డిసెంబరు, జనవరి మంచు ఉదయాల్లో నీళ్ళు చల్లబడి చేప మందగిస్తుంది. అప్పుడు ఎండ పొడుచుకొచ్చాక 10 నుంచి 3 దాకా కూర్చోవడం మేలు.

ఒక విషయం చాలామందిని మోసం చేస్తుంది. నాచుతో చిక్కటి ఆకుపచ్చగా మారిన చెరువులో, ముందురోజు మబ్బు పట్టి ఉంటే, తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. ఇన్ని చేపలా అని సంబరపడి గాలం వేస్తారు, ఒక్కటీ ముట్టదు. అవి తిండికి రాలేదు, ఊపిరికి వచ్చాయి. పగలు నాచు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రంతా అదే నాచు, చేపలు కలిసి దాన్ని వాడేస్తాయి. ఎండ లేని రోజు తర్వాత తెల్లవారేసరికి నీళ్ళలో అది అడుగంటుతుంది. ఎండ ఎక్కి చేపలు కిందికి దిగాక, 10 గంటల ప్రాంతంలో మొదలుపెట్టండి. చెరువు సంఘంవాళ్ళదైతే వెంటనే వాళ్ళకు చెప్పండి, కొత్త నీళ్ళు పెట్టుకుంటే చేపలు బతుకుతాయి.

చెరువులో గెడ్డ (వాగు) నీళ్ళు వచ్చి కలిసే మూల, మదుము తలుపు దగ్గర, తామరతీగ అంచు, గాలికి నురగ చేరే గట్టు, ఈ నాలుగూ ముందు చూడవలసిన చోట్లు. నదిలోనైతే వేగంగా పారే నీళ్ళకూ నిలకడ నీళ్ళకూ మధ్య గీతలా కనిపించే అంచు, పెద్ద రాళ్ళ దిగువ, ఒడ్డు కోసుకుపోయిన మలుపు. వరద తగ్గి నీళ్ళు ఎర్రమట్టి రంగు నుంచి పలచటి టీ రంగుకు వచ్చిన రెండు మూడు రోజులు నాగావళిలో గాలానికి బాగుంటుంది. వరద ఎక్కుతున్నప్పుడు వద్దు.

తొలకరి జల్లులకు చేపలు గెడ్డల్లోంచి, వరిమళ్ళలోకి ఎదురెక్కుతాయి. వాటి కడుపునిండా గుడ్లు ఉంటాయి. అప్పుడు మళ్ళలో దారి కట్టి ఊడ్చేస్తే ఆ ఏడాది చెరువు గొడ్డుపోతుంది. ఆ రెండు మూడు వారాలు గాలాన్ని అటకెక్కించండి.

బెండు కదిలాక

తిలాపియా, పరిగె బెండును టపటపా కొడతాయి, రెండో కుదుపుకే మణికట్టుతో చిన్నగా ఎత్తాలి. శీలావతి బెండును ముందు వణికిస్తుంది, తర్వాత ఏటవాలుగా లాక్కుపోతుంది. ఏటవాలుగా వెళ్ళడం మొదలైనప్పుడే ఎత్తండి, వణుకుతున్నప్పుడు కాదు. మోసు అడుగు నుంచి ఎర ఎత్తినప్పుడు సీసం బరువు తగ్గి బెండు పైకి లేచి పడుకుంటుంది. కొత్తవాళ్ళు అది మునగాలని చూస్తూ కూర్చుంటారు, ఈలోగా చేప వెళ్ళిపోతుంది. బెండు మునిగినా, లేచినా, పక్కకి పోయినా చేపే.

చేప తగిలాక కర్ర నీటికి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో ఉండాలి. కర్రను చేప వైపు వాల్చేస్తే వంపు తీసుకునే బలమంతా దారం మీద పడి తెగుతుంది. రీలుకు బిగింపు దారం బలంలో నాలుగోవంతు పెట్టండి. 6 కిలోల దారమైతే, స్ప్రింగ్ త్రాసు కట్టి లాగినప్పుడు ఒకటిన్నర కిలోల దగ్గర రీలు తిరగాలి. చేప పరిగెత్తేటప్పుడు తిప్పకండి, ఆగినప్పుడు కర్ర మెల్లగా ఎత్తి, దించుతూ చుట్టండి. ఒడ్డు దగ్గరకొచ్చాక మనిషిని చూసి ఇంకోసారి గట్టిగా తన్నుకుంటుంది, ఎక్కువ చేపలు పోయేది అక్కడే. చేతివలను ముందే నీళ్ళలో ముంచి ఉంచి, చేప తల దాని మీదకి వచ్చేలా లాగండి. వలతో చేపను తరమకండి.

కొర్రమీను

మన చెరువుల్లో గాలానికి పడే చేపల్లో దీని పట్టు వేరు. కొర్రమీను నీళ్ళలో ఉన్నా గాలి కూడా పీలుస్తుంది, కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి గుటక వేసి పోతుంది. తామరాకుల మధ్య ఖాళీల్లో, గుర్రపుడెక్క అంచుల్లో ఆ చిన్న చప్పుడు, దాని వెనకే తేలే బుడగలు వెతకండి. పదిహేను నిమిషాలు గాలం తీయకుండా చూడటానికే కేటాయించండి. ఒకే చోట రెండుసార్లు కనిపిస్తే అది అక్కడ కాపురం ఉన్నట్టు.

బతికిన కప్పను ఎరగా గుచ్చడం పాత అలవాటు. ఇప్పుడు మానేయండి. కప్పల్లో చట్టరక్షణ ఉన్న జాతులున్నాయి, పైగా పొలాల్లో పురుగులు తినే నేస్తాలవి. బజారులో దొరికే రబ్బరు కప్ప అంతకంటే బాగా పనిచేస్తుంది. రెండు గాలాలూ దాని వీపుకు ఆనుకుని పైకి ఉంటాయి కాబట్టి ఆకులకు తగులుకోదు. చేప కనిపించిన ఖాళీకి మూడు నాలుగడుగులు అవతల పడేసి, ఆకుల మీదుగా చిన్న చిన్న కుదుపులతో లాక్కురండి. ఖాళీలోకి రాగానే రెండు సెకన్లు ఆపండి. దెబ్బ అప్పుడే పడుతుంది.

నీళ్ళు చిమ్మగానే లాగేయడం ఇక్కడ అసలు పొరపాటు. కొర్రమీను మొదట కొడుతుంది, తర్వాత మింగుతుంది. దారం బిగిసి బరువు చేతికి తెలిసే దాకా ఆగండి, లోపల ఒకటి, రెండు, మూడు అనుకుని అప్పుడు గట్టిగా ఎత్తండి. పట్టుకున్నాక దయ చూపకండి, ఆకుల్లోకి తల దూర్చనిస్తే ఇక రాదు. అందుకే దీనికి నైలాన్ కంటే అల్లిక దారం మేలు. నైలాన్ సాగుతుంది, ఆ సాగే అర క్షణం దానికి చాలు.

నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కదులుతూ కనిపిస్తే దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో అవి ఆకలితో కాదు, కోపంతో ఎర మీద పడతాయి, కాబట్టి పట్టడం చాలా తేలిక. అలా పట్టినరోజే ఆ పిల్లలన్నిటినీ మట్టగిడసలూ జెల్లలూ తినేస్తాయి. వాటి జోలికి వెళ్ళకండి.

వాలుగ, ముళ్ళ చేపలు

వాలుగ రాత్రి మేస్తుంది, నది మడుగుల్లో చేప ముక్కకో కోడి పేగుకో పడుతుంది. నోటినిండా సన్న పళ్ళుంటాయి, తీగ లేకపోతే దారం నిలవదు. ఇదివరకటి కంటే బాగా తగ్గిపోయింది, గుడ్డుతో ఉన్నదాన్ని వదిలేయండి.

జెల్లకు వీపు మీద ఒకటి, చెంపల పక్కన రెండు ముళ్ళుంటాయి. మార్పు, ఇంగిలాయిలకు చెంపల పక్కన రెండే ఉంటాయి. ఇంగిలాయి ముల్లు విషపుది. తడిగుడ్డతో, తల వెనక నుంచి, ముళ్ళ వెనక వేళ్ళు పెట్టి పట్టుకోండి. గుచ్చుకుంటే కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర ముంచితే నొప్పి దిగుతుంది. ఆ తర్వాత ముల్లు విరిగి లోపల ఉందేమో చూపించి, ధనుర్వాతం ఇంజక్షను వేయించుకోండి. వేలిలో గాలం మొన వెనకున్న ములుకు దాటి దిగితే లాగకండి, దారం కోసి ఆసుపత్రికి వెళ్ళండి.

మొగల దగ్గర

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్ళేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ మొగల్లో గడియారం కంటే ఆటుపోట్లు ముఖ్యం. పోటు ముగిసే ముందు రెండు గంటలు, పాటు (నీళ్ళు వెనక్కి తగ్గడం) మొదలైన తొలి గంట మంచివి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్న 7కి బాగుంటే ఇవాళ 8 దగ్గర చూడండి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటి లాగుడు ఎక్కువ. పండుగప్పకు బతికిన రొయ్య మేలు. కొమ్ము కింద నల్లగా కనిపించే చుక్కను తప్పించి గాలం గుచ్చితే రొయ్య బతికే ఉంటుంది. పండుగప్ప మొప్ప అంచు బ్లేడులా కోస్తుంది, గాలానికి పైన రెండడుగులు 0.70 మి.మీ. దారం కట్టండి, మొప్పలో వేలు పెట్టకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో పడవ ఆలోచన వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఇసుక మీద టార్చి వేయకండి. తెగిన దారం మొగలోనైనా, తేలినీలాపురం పక్కన కొంగలు వాలే చెరువులోనైనా వదిలేయకండి. మూరెడు నైలాన్ చుట్టుకుంటే పక్షి కాలు తెగుతుంది.

నీళ్ళ దగ్గర ప్రాణం

ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా ఒడిశా కొండల్లో వాన పడితే నాగావళి, వంశధార గంటల్లో పెరుగుతాయి. తోటపల్లి, గొట్టా బ్యారేజీల గేట్లు ఎత్తినప్పుడు దిగువ ఇసుక తిన్నెల మీద ఉన్నవాళ్ళు చిక్కుకుపోతారు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చుకోండి. అరగంటలో అది మునిగితే సామాను సర్దేయండి. నీళ్ళు ఒక్కసారిగా మట్టిరంగుకు మారినా, చెత్తా కొమ్మలూ కొట్టుకొస్తున్నా అదే సంకేతం.

నదిలో ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగుకే మునిగిపోతారు. తగులుకున్న గాలం కోసం నీళ్ళలోకి దిగకండి, దారాన్ని గుడ్డ చుట్టిన కర్రకు మెలివేసి నేరుగా వెనక్కి లాగి తెంపేయండి. ఉరుము వినిపించగానే కర్రను కింద పడేసి గట్టు దిగండి. కార్బన్ కర్రలో విద్యుత్తు పారుతుంది, కాబట్టి చెరువు మీదుగా తీగలు వెళ్ళేచోట కూడా దాన్ని ఎత్తకండి. గట్టు గడ్డిలో కాలు పెట్టే ముందు కర్రతో తట్టాలి, రక్తపింజరి అడుగుల చప్పుడుకు తప్పుకునే పాము కాదు.

ఇంటికి చేర్చడం

వండుకునే చేపను ఎండలో కొట్టుకుంటూ చావనివ్వకండి. తలమీద కళ్ళ వెనక చిన్న కర్రతో ఒక గట్టి దెబ్బ వేసి, మొప్పల కింద కోసి రెండు నిమిషాలు నీళ్ళలో పెడితే రక్తం పోయి మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది. చేప ఎంత బరువో అంత ఐసు కావాలి. ఐసు పొడి చేసి పైనా కిందా వేయండి. కరిగిన నీళ్ళలో చేప నానకుండా డబ్బా అడుగున చిల్లి ఉండాలి.

కొర్రమీను జిగురు బూడిదతో రుద్దితే వదులుతుంది. పొట్ట కోసేటప్పుడు కత్తి మొనను లోతుగా దించకండి, చేదుతిత్తి పగిలితే ఆ పక్క మాంసమంతా చేదవుతుంది. పగిలితే వెంటనే ఆ ముక్క కోసి పారేసి, మిగతాది ఉప్పునీళ్ళతో కడగండి. చెరువు మోసుకీ బొచ్చెకీ వచ్చే బురద వాసన నీళ్ళలోని నాచు నుంచి వచ్చేదే. అది చర్మం కింది ముదురు మాంసంలో, పొట్ట లోపలి నల్లపొరలో ఎక్కువ. ఆ పొరను గోకి తీసేసి, ముక్కలకు రాళ్ళ ఉప్పు పట్టించి కడిగి, పలచటి చింతపండు పులుసులో 15 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు పసుపు, కారం పట్టించండి.